జింగడు చూపిన పాయింటు

డోన్ చుట్టుపక్కల ఇమాం బాషా చూపిన చోట బోరు వేస్తే నీళ్లు పడకపోవడమన్నది చరిత్రలో లేదు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ నిక్కి నిలబడుతుంది. అంతటివాడు ఆ పొద్దు శివలీల ఇంటి తలుపు దబదబా బాదాడు.

"ఏం పాపా, నా నోటికాడ కూడు తీసే ఆ జింగడెవుడు?"

శివలీల కంప్యూటర్లో బొమ్మలు గీసి, ఆడించి, యూట్యూబులో పెట్టే పిల్ల. జింగడు ఆమె బొమ్మే. మూడు కళ్లవాడు, వేరే గ్రహం వాడు. నిన్నటి భాగంలో వాడి పళ్లెం ఓడ వేరుశనగ చేలో దిగింది. రైతులు జడుసుకోలేదు. "వచ్చినోడివి వచ్చినావు, మాకో బోరు పాయింటు చూడప్పా" అని వాడి చేతిలో టెంకాయ పెట్టారు. అది వాణ్ణి చేనంతా ఈడ్చుకు తిరిగి, ఒక తుమ్మచెట్టు దగ్గర బోర్లా పడేసింది.

చూసినవాళ్లు ఊరుకుంటారా? వీడియో కింద కామెంట్లే కామెంట్లు. ఓడ ఎట్లా ఎగిరిందని ఒక్కరూ అడగలేదు. "టెంకాయ పట్టేది అట్లా కాదప్పా, మళ్లా గీయి" అని కడప నుంచి ఒకాయన. "ఆ వంకర తుమ్మ దస్తగిరమ్మ చేన్లోది కదా? తవ్వండి!" అని డోన్ నుంచి వందమంది.

"ఆ చేన్లో చుక్క లేదని ఎప్పట్నుంచో చెప్తాండా. ఇప్పుడు ఆయమ్మ నా మాట పక్కనబెట్టి బోరు బండిని పిలిపిచ్చింది!" అని ఎగిరాడు ఇమాం బాషా.

శివలీల కంప్యూటర్ వైపు తిరిగింది. "అయ్యో మామా! మా మిద్దె మీంచి కనపడతాదని ఆ చేను గీసినా, అంతే. బోరులో నీళ్లు పడకపోతే ఆ అప్పుకు దస్తగిరమ్మత్త చేను అమ్ముకోవాల్సిందే. ఇప్పుడే తీసేస్తా."

ఇన్నాళ్లకు జనం ఎగబడి చూసిన భాగం అదొక్కటే. అయినా దాన్ని తీసేసే మీట మీదికి వేలు చాపింది.

"ఆగు పాపా. నేను పోయి చూసొస్తా."

కాసేపటికి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "కాయ నిలబడింది. తవ్వమని చెప్పొచ్చినా."

శివలీలకు ఆ కాయ మీద నమ్మకం లేదు. మొదట్లో నేను చరిత్రలో లేదన్నది కొంచెం ఎక్కువైంది లెండి. ఊరి చుట్టూ ఆయన చూపిన ఎండు బోర్లు చాలానే ఉన్నాయి. ఆయన ఎదుట ఎవరూ ఆ మాట ఎత్తరు, అంతే. ఆమె చేను దాకా పరుగెత్తింది.

బోరు బండి తెల్లదుమ్ము చిమ్ముతూనే ఉంది.

"సాలు, ఆపమను అత్తా! అది ఉత్త బొమ్మ!"

"ఉండమ్మే," అంది దస్తగిరమ్మ. "మూడు కండ్లుండేటోడికి మనకంటే ఒకటి ఎక్కువే కనపడతాది."

దుమ్ము తడిసింది. బురదైంది. ఆపైన తుమ్మచెట్టంత ఎత్తున నీళ్లు లేచి అందరినీ తడిపేశాయి.

సాయంత్రానికి రాయచోటి నుంచి కొత్త మాట వచ్చిపడింది: "జింగడు మా కాడికి ఎప్పుడొస్తాడు? పళ్లెం దిగేకి జాగా చదును చేసి పెట్టినాం."

ఇందులో నీళ్లు నిజం, దుమ్ము నిజం. అబద్ధం ఒక్కటే, ఇమాం బాషా నిలబడిందన్న ఆ కాయ. ఆ పొద్దు ఆయన అరచేతిలో పెట్టుకుని నడిచింది టెంకాయ కాదు, జింగడి వీడియో ఆడుతున్న ఫోను.