కాలనీ అంతా ఒకటే ఇల్లు

"తొక్కించుకోని పోతే పో యల్లయ్యా! నేను మాత్రం జరగను."

పుల్లమ్మ రెండు చేతులూ చాచి నీళ్ళ ట్యాంకరుకు అడ్డంగా నిలబడింది. బేస్తవారిపేట పక్కనున్న ఒక పల్లె చివరి కాలనీలో నలభై ఇళ్ళు. మొదటి ఇల్లు పుల్లమ్మది. ఆమె గడప ముందున్న రెండు బిందెలూ నింపి, ట్యాంకరు సగం నీళ్ళతో మళ్ళీ బజారు వైపు తిరిగింది. మిగతావాళ్ళంతా ఖాళీ బిందెలతో నోళ్ళు వెళ్ళబెట్టారు.

"నన్నంటే ఏం లాభం అక్కా?" అన్నాడు డ్రైవరు యల్లయ్య. "ఫోన్‌లో మీ కాలనీ అంతా ఒక్క ఇల్లనే చూపిస్తా ఉంది. ఒక్క ఇంటికి పోసినా. ఇంకో ఇంటికి పోస్తే నన్ను తీసేస్తారు."

ట్యాంకరు ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి పోవాలో చెప్పే ప్రోగ్రాం రాసింది నరేష్, గ్రామ సచివాలయంలో కంప్యూటరు పని చూసే కుర్రాడు. కబురు అందగానే బండి మీద వచ్చి, ల్యాప్‌టాప్ పుల్లమ్మ అరుగు మీద పెట్టి తెరిచాడు. చూడగానే తప్పు కనిపించింది. బజారు ఇళ్ళ లిస్టుకు కాలనీ ఇళ్ళ లిస్టు కలిపేటప్పుడు 'ఎక్స్‌టెండ్' అని రాయాల్సిన చోట 'అపెండ్' అని రాశాడు. ఎక్స్‌టెండ్ అయితే ఒక్కో ఇల్లూ విడిగా వరసలో చేరేది. అపెండ్ మాత్రం కాలనీనంతా మూటగట్టి ఒకే పేరుగా చివర పడేసింది.

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాడు సిగ్గుతో. "శనగలు బస్తాలో పొయ్యమంటే సంచితో సహా బస్తాలో పడేసినట్టయింది. ఒక్క మాట మారిస్తే సరిపోతాది."

"మార్చు మరి! చూస్తా కూచున్నావేంది?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ? మార్చాలంటే సెక్రటరీ ఆనంద్ బాబు ఊ అనాలి. నరేష్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఏం మార్చక్కర్లేదు," అన్నాడు ఆనంద్ బాబు. "లిస్టు పైకి పంపేశాం. ఈ ఎండాకాలమంతా అదే. ఇప్పుడు నలభై ఇళ్ళు దూరిస్తే బజారువాళ్ళు ఊరుకుంటారా? కంప్యూటర్లో ఒక్క ఇల్లని ఉందా, ఒక్క ఇల్లే. నువ్వు దాన్ని ముట్టుకున్నావంటే రేపట్నుంచి ఆఫీసుకు రావద్దు."

నరేష్‌కి ఒళ్ళు మండింది. తప్పు చేసింది తను, నోరెండేది వీళ్ళకా! పోతే పోయింది ఉద్యోగం అనుకుని కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. పుల్లమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండు నాయనా. ఉద్యోగమేమన్నా దారిలో దొరికిందా పారేసుకోనీకి? ఆ సారును నేనొక మాట అడగాల." ఫోన్ మీదికి వంగింది. "సారూ, నేను పుల్లమ్మను. పొద్దున దుకాణం మల్లికార్జునరావు ఇంటికాడ ట్యాంకరు గంటసేపు నిలబడింది. మా కాడ రెండు బిందెలు నింపి కదిలింది. ఇదేం న్యాయం?"

"ఆయన గుమ్మంలో డ్రమ్ములున్నాయమ్మా. ఇంటి ముందు పెట్టినవన్నీ నిండాకే ట్యాంకరు కదలాలి. రూలు నేనే పెట్టాను. నువ్వు రెండు బిందెలు పెట్టుకుంటే నేనేం చెయ్యను?"

"ఎన్ని పెడితే అన్నీ నింపాల్నా?"

"అన్నీ నింపాలి."

"ఎవరింటికైనా అంతేనా?"

"ఎవరింటికైనా అంతే! ఇక ఫోన్ పెట్టు."

పుల్లమ్మ ఫోన్ నరేష్ చేతిలో పెట్టింది. కొంగు నడుముకు బిగించింది. యల్లయ్య అప్పటికే పైపు తీయడానికి ట్యాంకరు దిగుతున్నాడు. ఆమె కాలనీ వైపు తిరిగి గొంతెత్తింది.

"వినపడిందా మే? మనదంతా ఒకటే ఇల్లంట! మీ బిందెలు, డ్రమ్ములు, గంగాళాలు అన్నీ తెచ్చి నా గడప ముందర పెట్టండి!"