చిన్నవాడి ప్రయాణం

ఆర్డిత్ సంచి అడుగున ఒక దుప్పటి పరిచింది. అది గరుకుగా తోచి తీసేసి, ఇంకా మెత్తనిది పరిచింది.

"రెండు వారాలే కదా మిస్ ఆర్డిత్," అన్నాడు కౌంటీ కమిషనర్ మెర్ల్. "మీ ఇల్లు ఆ మలుపులోనే. అలాస్కాకు పంపుతున్నట్టు సర్దుతున్నారు."

"రెండు వారాలని చెప్పి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను నాయనా."

చిన్నవాడి తల్లి తలెత్తలేదు. తండ్రి చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడే తప్ప ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు.

"ఆ తల్లి మొహం చూడు మెర్ల్."

"ఆవిడ మొహం ఎప్పుడూ అంతే."

టెనెసీలోని ఆ చిన్న ఊళ్లో నెలరోజులుగా ఒకటే గొడవ. ఏటా కోర్టు ముందు పచ్చికలో కౌంటీ ఖర్చుతో క్రిస్మస్ అలంకరణ పెడతారు. ప్రభుత్వం ఒక మతానికి కొమ్ము కాయకూడదని మందుల షాపు డోర్సెట్ కేసు వేశాడు. ఊరు మండిపడింది. ఆస్ప్రిన్ కోసం కూడా జనం పక్క ఊరికి పోతున్నారు. గొడవ చల్లారేదాకా చిన్నవాడు ఎవరి కంటా పడకూడదని కౌంటీ లాయరు ప్రూయిట్ చెప్పాడు.

"వీడేం చేశాడని?" అంది ఆర్డిత్.

"ఏమీ చెయ్యలేదు. కానీ వీణ్ణి చూస్తే జనానికి ఇంకేదీ కనిపించదు."

"అయితే ముగ్గుర్నీ పంపు. నా ఇంట్లో చోటుంది."

"వాళ్లిద్దరి మీదా అభ్యంతరం లేదట. లాయరు వీడి సంగతే చెప్పాడు."

"నీకు సండే స్కూల్లో పాఠాలు చెప్పిన పాపం నాదే."

మెర్ల్ టోపీ సర్దుకున్నాడు.

అంతలో ప్రూయిట్ వచ్చాడు. పచ్చికను ఆ చివరినుంచి ఈ చివరికి పరికించాడు. క్రిస్మస్ తాత, ఆయన బండి లాగే రెయిన్‌డీర్లు, చెరుకుగడంత పిప్పరమెంటు కర్రలు.

"మతం ఎంతవరకు తగ్గింది?" అని అడిగాడు మెర్ల్, జ్వరం సంగతి డాక్టరును అడిగినట్టు.

"తగ్గుతోంది. ఒక మంచుమనిషి కూడా పడితే ప్రమాదం తప్పినట్టే. మతమైతే తప్పు, పండగైతే తప్పులేదు."

"తేడా ఎలా తెలుస్తుంది?" అంది ఆర్డిత్.

"రెయిన్‌డీర్లను బట్టి మేడమ్."

ఆర్డిత్ చిన్నవాణ్ణి రెండు చేతులా ఎత్తుకుని, చెవులు కప్పేలా దుప్పటి చుట్టింది.

"పండగ కాగానే నేనే తీసుకొచ్చి వాళ్లమ్మ దగ్గర దించుతాను. అప్పుడు కాదనవద్దు. మాటివ్వు."

"ఇచ్చాను మిస్ ఆర్డిత్."

మర్నాడు జడ్జిగారు వచ్చి పచ్చికంతా తిరిగి చూశారు. రెయిన్‌డీరు ముక్కును వేలితో తాకారు. ఇందులో తనకు మతం ఏమీ కనిపించలేదని తీర్పు రాశారు.

ఊరంతా కారు హారన్లు మోగించింది. దేవుడు గెలిచాడని చర్చిలో స్తోత్రాలు పాడారు. డోర్సెట్ కూడా నవ్వుకుంటూ వచ్చి, తన ముగ్గురు పిల్లల్నీ మంచుమనిషి పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు.

పండగ వెళ్లాక ఆర్డిత్ మెర్ల్ ఆఫీసుకు వచ్చింది.

"కేసు గెలిచాంగా. తీసుకొచ్చెయ్యనా?"

"ఇప్పుడే వద్దు మిస్ ఆర్డిత్. గెలిచిన కేసును మనమే కదిలించుకోకూడదు."

మరుసటి ఏడు వచ్చింది. అదే మాట. ఆ పై ఏడూ వచ్చింది. అప్పటికి మెర్ల్ రిటైరయ్యాడు. కొత్త కమిషనరుకు ఆవిడ ఎవరి గురించి అడుగుతోందో అర్థం కాలేదు.

కోర్టు పచ్చికలోని పశువుల పాకలోకి మరియ, యోసేపు, గొర్రెలు, గాడిద ఏటా తిరిగి వస్తున్నారు. 1991 డిసెంబరులో ఆర్డిత్ సంచిలో వెళ్లిన బాల యేసు మాత్రం ఈనాటికీ తిరిగి రాలేదు.