వద్దన్న డిస్కు

"మీ కంప్యూటర్ టిక్కుమంటోంది."

రిపేరు షాపు గుమ్మంలో నిలబడి అన్నాడు ముసలాయన. భుజాన బరువైన గుడ్డసంచి.

మెకానిక్ తలెత్తలేదు. "ఫ్యాను చప్పుడు."

"కాదు బాబూ, హార్డ్ డిస్కు. రెండేళ్ల కిందట రిపేరు చేసి మళ్లీ అమ్మిన సరుకేగా?"

మెకానిక్‌కి ఒళ్లు మండింది. "పాతికేళ్లుగా ఇదే పని నాది. వైద్యుడికే నాడి చూస్తారా?"

"ఆ సరుకు వేడెక్కితేగాని గుట్టు బయటపడదు. పరీక్షించినవాడు రెండు నిమిషాలు చూసి వదిలేశాడు."

"ఎవడు వాడు?"

"పనికిమాలినవాడు."

సంచిలోంచి కొత్త డిస్కు తీసి బల్లమీద పెట్టాడు. "ఊరికే తీసుకోండి. ఇవాళే అన్నీ ఇందులోకి ఎక్కించండి."

"ఊరికే ఇచ్చేవాడిని ఊళ్లో ఎక్కడా చూడలేదు. ఎదుటి షాపువాడు పంపాడా?"

"ఎవరూ పంపలేదు. అది పోతే అందులోది మళ్లీ రాదు బాబూ."

"చాల్లే పెద్దాయనా, దారికడ్డం లే!"

ముసలాయన డిస్కు సంచిలో వేసుకున్నాడు. జేబులోంచి చీటీ తీసి ఏదో రాశాడు.

"ఏంటది?"

"చెప్పానని. పాత అలవాటు."

చీటీ బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మెకానిక్ దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

టిక్కుమంటున్న ఆ పాత డిస్కులో ఉన్నది, పోయిన తన భార్య గొంతు. పదకొండు సెకన్లు.

"భోజనం చల్లారిపోతోంది. నన్నెందుకు కట్టుకున్నావు, ఆ డబ్బాల్నే కట్టుకోకపోయావా?"

ప్రతి ఆదివారం కూతురు వచ్చి వినేది, నవ్వేది, కళ్లు తుడుచుకునేది.

వచ్చినవాళ్లందరికీ "కాపీ తీసి పెట్టుకోండి" అని బుద్ధి చెప్పే మనిషి, తను మాత్రం తీసుకోలేదు.

ఆ ఆదివారం కూతురు మీట నొక్కింది.

టిక్కు. టిక్కు. టిక్కు.

తర్వాత అదీ లేదు.

"నాన్నా, అమ్మ మాట్లాడదేం?"

మెకానిక్ డిస్కు ఊడదీశాడు. చల్లబరిచాడు. వేరే కంప్యూటర్‌కి తగిలించాడు. సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు.

"ఊళ్లోవాళ్లందరివీ బాగుచేస్తావు కదా నాన్నా!"

అతను బల్లమీది టీ గ్లాసు ఎత్తాడు.

గ్లాసు కింద చీటీ అలాగే ఉంది. "చెప్పాను. వద్దన్నారు." కింద సంతకం, సున్నా చుట్టి దానికో తోక.

చేతిలోని డిస్కు వెనక్కి తిప్పాడు. రెండేళ్ల కిందట ఏ కాగితం ముక్కను నమ్మి భార్య గొంతు అందులో దాచాడో, అది ఇంకా అంటుకునే ఉంది.

"చూశాను. బాగుంది." కింద సున్నా, దానికో తోక.