చుక్క నూనె లేని వంట

"మెషీన్ పాడైందేమో, ఇంకోసారి చూడండి మేడమ్" అంటూ బస్సు డ్రైవరు చెప్పులు కూడా విప్పేసి మళ్ళీ తూకం మీదికెక్కాడు.

ఆసుపత్రిలో రోగుల తిండీ తిప్పలూ చూసే డైటీషియన్ మళ్ళీ చూసింది. నెలన్నర కిందట ఎంత ఉన్నాడో అంతే. ఇంకా అరకిలో ఎక్కువే.

"ఇలా అయితే మీ అక్కగారికి మీ కిడ్నీ ఇవ్వడం కుదరదు. ఈ బరువుతో సర్జన్‌గారు మీ మీద కత్తి పెట్టరు. ఆకుకూరలు, కాయగూరలు, పప్పులు, దంపుడు బియ్యం... ఇవే కదా తింటున్నది?"

"ఇవే. ఆవు గడ్డి మేసినట్టు మేస్తున్నాను."

"మరి నూనె?"

"మా ఆవిడ ఒక్క చుక్క వెయ్యదు. కావాలంటే అడగండి. ప్యాంట్లన్నీ వదులైపోయాయి కూడా!" నడుము దగ్గర బట్ట లాగి చూపించాడు.

పక్క కుర్చీలో అతని భార్య తల దించుకుంది. ఆమెది కుట్టుపని. ఆ ప్యాంట్లు వదులైంది ఒళ్ళు తగ్గి కాదు. అతను డ్యూటీకి వెళ్ళగానే ఒక్కొక్కటీ కుట్లు విప్పి, నడుము దగ్గర వదులు చేసి మళ్ళీ కుట్టింది ఆమే. ఉడికిన పప్పు మెత్తగా రుబ్బి, వాసన రాని నూనె గరిటెడు పోసి, పైకి తేలకుండా గిలకొట్టి వడ్డించిందీ ఆమే. బరువు తగ్గకపోతే ఆపరేషన్ ఉండదు. ఆపరేషన్ లేకపోతే మనిషి నిండుగా ఇంట్లో ఉంటాడు. అంతవరకే ఆలోచించింది. ఆపైన ఆలోచించాలంటే భయమేసింది.

"నూనె మాత్రం మొక్కల్లోంచి వచ్చింది కాదా మేడమ్?" అంది ఆమె. "ఒంటికి కాస్త కొవ్వు కావాలంటారు కదా."

"కావాలి. పప్పుల్లో, గింజల్లో ఉన్నది ప్రస్తుతానికి మీ ఆయనకి చాలు. గింజ నమిలి తింటే కడుపు నిండుతుంది. పిండి తీసిన నూనె ఉంది చూశారూ, అది కడుపుకి తెలియదు, నడుముకి తెలుస్తుంది. పైనుంచి పెద్ద చెంచాడు పోశారంటే ఇంకో రొట్టె తిన్నట్టే. అయినా మీరు వెయ్యడం లేదుగా, మీకెందుకు బెంగ?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

వరండాలోకి రాగానే డ్రైవరు బల్ల మీద కూలబడ్డాడు.

"నా ఒళ్ళే నా మాట వినడం లేదే! ఇవాళ్టి నుంచి రాత్రి భోజనం బంద్. అప్పటికీ తగ్గకపోతే పగలు కూడా."

"పస్తులుండి బస్సు నడుపుతారా? స్టీరింగ్ దగ్గర కళ్ళు తిరిగితేనో?"

"తిరిగితే తిరగనీ. అక్కేమో ఒంట్లో రక్తం మిషన్‌కి అప్పజెప్పి పడుకుంది. నేనిక్కడ దున్నపోతులా..." మాట పూర్తిచెయ్యలేక మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వెళ్ళి చెప్పు. నా మొహం చూపించలేను. నువ్వు ఇంత పథ్యంగా వండిపెట్టినా నా వల్ల కాలేదని చెప్పు."

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు ఆమెకి.

డయాలిసిస్ గదిలో వదిన కళ్ళు తెరిచే ఉంది. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి. ఇప్పుడు దాహమేసినా కొలిచిన నీళ్ళే తాగాలి గనక నాలుక మీద ఐసు ముక్క పెట్టుకుని చప్పరిస్తోంది. ఒక గొట్టంలో రక్తం బయటికి వెళుతోంది, ఇంకో గొట్టంలో తిరిగొస్తోంది.

"తగ్గాడా?" అంది.

"లేదు వదినా."

వదిన కళ్ళు మూసుకుంది. తిట్టి ఉంటే ఆమె తప్పించుకునేదేమో. మూసిన ఆ కళ్ళు చూసి మాత్రం తట్టుకోలేకపోయింది. మంచం పట్టె పట్టుకుని నేల మీద చతికిలపడింది.

"ఆయన తప్పేం లేదు వదినా. పాపిష్టిదాన్ని, నేనే. రోజూ పప్పులో నూనె పోశాను. అనుమానం రాకుండా ప్యాంట్లు వదులు చేశాను. ఆయన్ని కోస్తారంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. నీ సంగతి మర్చిపోయి చేశానని చెప్పుకుందామనుకున్నా. అబద్ధం. నువ్వు గుర్తుండగానే పోశాను."

అవతలి మంచం దగ్గర నర్సు ఇటు తిరిగి చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

"ఎంత పోశావు?" లెక్క తప్పిన పిల్లని నిలబెట్టి అడిగినట్టు అడిగింది వదిన.

"పూటకో గరిటె."

"వాడికి తెలుసా?"

"తెలీదు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. ఏమన్నా పడతాను. ఇక మీదట ఒక్క చుక్క పొయ్యను వదినా, నీ మీద ఒట్టు!"

వదిన సూదులు లేని చెయ్యి చాపింది. జుట్టు పట్టుకుంటుందేమోనని ఆమె ముడుచుకుపోయింది. వదిన మణికట్టు పట్టుకుంది. అంత నీరసంలోనూ ఆ పట్టు గట్టిగానే ఉంది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు పిల్లా. నాకొద్దురా అని ఎంత మొత్తుకున్నా వాడు వినడం లేదు, రేపట్నుంచి రెండు గరిటెలు పొయ్యి."