పక్క సీటు

"ఎక్కు ఇమొజెన్, లడ్లో ఊరి సంతదాకా తిప్పుకొస్తాను," అంటూ గ్వెండా మనవరాలి కోసం ఎర్ర కారు తలుపు తీసింది. అరవై ఏళ్లనాటి కారు అది, ఆమె భర్త డెస్మండ్‌కి ప్రాణం.

వాకిట్లో టీ తాగుతున్న డెస్మండ్ కప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అందులో వద్దు! చిన్న కారు తీసుకెళ్లు."

"దీనికేమొచ్చింది? పాత స్ప్రింగులు పీకించి బయటివాళ్ల దగ్గర కొత్త సస్పెన్షన్ వేయించావుగా. అసలుదానికన్నా ఇదే భద్రమని నిన్న పాత కార్ల క్లబ్బులో అందరినీ ఊదరగొట్టేశావు!"

"భద్రమే. కాకపోతే..." అతను గొంతు తగ్గించాడు. "ఆ సస్పెన్షన్‌ని పట్టి ఉంచే బ్రాకెట్ అతికించిన చోట సన్నగా పగులిచ్చింది. మలుపుల్లో చక్రం ఓ పక్కకి లాగుతోంది."

"ఎప్పటినుంచి?"

"ఈస్టర్ నుంచనుకుంటా. నెమ్మదిగా పోతే ఏం కాదులే. అయినా పసిపిల్లను ఎలా ఎక్కిస్తాం?"

గ్వెండా అతనివైపే చూస్తూ నిలబడింది. ఈస్టర్ తర్వాత కూడా ప్రతి ఆదివారం అతని పక్క సీట్లో కూర్చున్నది తనే. కొండదారి మలుపుల్లో "ఎంత మెత్తగా పోతోందో చూడు" అని అతనంటే, అవునని తలూపిందీ తనే.

"నిజమే, పసిపిల్లను ఎక్కించకూడదు," అంటూ తలుపు మూసింది. "మరి నన్నో?"

డెస్మండ్ అన్నాడు, "నువ్వెప్పుడూ భయపడలేదుగా!"

గ్వెండా పిల్లను చిన్న కారులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టింది. తనూ ఎక్కి అద్దం దించింది.

"ఇప్పుడు వేస్తోంది డెస్మండ్, భయం," అంది. "కారును చూసి కాదు."