తాతయ్య చూపు

"ఈ గడియారాల మేస్త్రీ ఉన్నాడే, ఫొటో అంటే చాలు, కొయ్యబారిపోయేవాడు. 'మీ వాచీ ఆగిపోయిందండీ' అన్నాను. చటుక్కున చెవికి ఆనించుకున్నాడు. అదే ఇది!" అంది అమ్మమ్మ.

మనవరాలు గబగబా రాసుకుంది.

"మరి ఈ పాప?"

"అబ్బో, ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. తాళాలగుత్తి ఆడిస్తే ఠక్కున ఏడుపాపి, ఇలా కళ్లింత చేసుకుంది."

"అంటే నువ్వు మాటల్లో పెడితే, తాతయ్య క్లిక్కుమనిపించేవారన్నమాట!"

అమ్మమ్మ నవ్వి, ఇంకో ఫొటో అందుకుంది.

మర్నాడే ఫొటోల ప్రదర్శన. తాతయ్య పోయి ఏడాదైంది. ఆయన స్టూడియోలో దొరికిన రెండొందల పాత ఫొటోలనూ మనవరాలే శుభ్రం చేసి, ఫ్రేములు కట్టించింది. ప్రతిదాని వెనకా తాతయ్య పేరుతో ముద్ర ఉంది. ఆయనది దేవుడిచ్చిన చెయ్యి అని చిన్నప్పటినుంచీ విన్నదే. కథలు మాత్రం అమ్మమ్మ దగ్గరే ఉన్నాయి. ఏ ఫొటో చూపించినా తడుముకోకుండా చెబుతోంది.

ఫోన్ మోగింది. బోర్డు రాసే పెయింటరు.

"పేరేం రాయమంటారమ్మా? రంగు కలిపేశాను."

"'తాతయ్య చూపు' అని రాయండి," అంది మనవరాలు. అంతలోనే ఏదో తట్టినట్టు అమ్మమ్మ వైపు తిరిగింది. "ఇన్నిట్లో నువ్వెక్కడా లేవేం? ఊళ్లో వాళ్లందర్నీ తీశారుగానీ, పక్కనున్న మనిషిని ఒక్కసారి నిలబెట్టలేకపోయారా?"

"ఆయన్నేమీ అనకు. ఒకటుంది."

"ఉందా! అయితే గుమ్మానికెదురుగా అదే పెడదాం."

"సరే. ముందు ఆ పెయింటర్ని కాస్త ఆగమను."

అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, బీరువాలో బట్టల మడతల మధ్యనుంచి ఒక ఫొటో తీసుకొచ్చింది. అందులో సగం గోడే. ఓ మూల ఒరిగిపోయిన భుజం, సగం గడ్డం. తల లేదు. పైన ఎవరిదో బొటనవేలు అడ్డం పడి నల్లటి మచ్చ.

మనవరాలు పగలబడి నవ్వింది.

"ఎవరమ్మమ్మా, ఈ ఘనకార్యం చేసిన మహానుభావుడు?"

అమ్మమ్మ ఫొటో మీది దుమ్మును అరచేత్తో మెల్లగా తుడిచింది. కళ్లు మెరిశాయి.

"ఇదొక్కటే మీ తాతయ్య తీసింది."