నాన్న నడక

వెనక గదిలో మళ్ళీ అదే చప్పుడు. పాదం వాలిపోయి నేలకు కొట్టుకునే చప్పుడు. టప్... టప్...

కుట్టుమిషన్ తొక్కుతున్న ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మెట్ల మీద కాలు తట్టుకుని పడి భర్త పోయి ఏడాది దాటింది. అతని పాదం పైకి లేచేది కాదు. అది వాలకుండా బూటు కొస నుంచి చీలమండకు ఎలాస్టిక్ పట్టీ కుట్టి ఇచ్చింది తనే.

నరాల జబ్బనీ, ఒక్క జన్యువు చెడితే చాలనీ, పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగమనీ అప్పట్లో డాక్టరు చెప్పాడు.

"భయపడకు, దానివన్నీ నీ పోలికలే," అనేవాడు భర్త కూతుర్ని చూపించి నవ్వుతూ.

లేచి తలుపు తోసింది.

గదిలో కూతురు మోకాళ్ళు పైకెత్తి కొంగలా నడుస్తోంది. అచ్చం వాళ్ళ నాన్నే.

ఆమె భయం కాస్తా కోపమైంది. "పోయిన మనిషిని వెక్కిరిస్తావా? సిగ్గుగా లేదూ? సరిగ్గా నడు!"

పిల్ల బిత్తరపోయి, జాగ్రత్తగా రెండడుగులు వేసింది. టప్. టప్.

"నేను వెక్కిరించట్లేదమ్మా," అంది ఏడుపు గొంతుతో. "పాదం అదే అలా పడుతోంది."

ఆమె నేల మీద కూర్చుంది. మెడలో వేలాడే టేపు తీసి, పిల్ల బొటనవేలి నుంచి చీలమండ దాకా కొలిచింది.